ఇంటి చదువు – ఎవరి తీరికతో?

(వనపర్తిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి సంఘం అక్కలు, అంగన్‌వాడీ టీచర్లు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఇక్కడికి వచ్చారు. చిన్నపిల్లలకు ఇంట్లోనే, తొందరపెట్టకుండా, వాళ్ల వీలునుబట్టి చదువు చెప్పుకోవడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాల్లో చదువుకున్న తల్లిదండ్రులు కొందరు ఈ పని చేస్తున్నారు. పాలమూరులో కూర్చుని దీని గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆలోచించిన కొద్దీ, దీని గురించి మాట్లాడవలసిన చోటు ఇదేనని తోచింది.

ముందుగా నా సంగతి చెప్పాలి. పదేళ్ల కిందట నేను మా పాపను రెండేళ్లపాటు బడికి పంపకుండా ఇంట్లోనే ఉంచి చదువు చెప్పాను. అప్పుడు పాపకు నాలుగేళ్లు. అంతకుముందు చేర్చిన బడిలో మూడున్నరేళ్ల పిల్ల చేత అక్షరాలు దిద్దించి, ఇంటికి రెండు పేజీల హోంవర్కు ఇచ్చి పంపేవారు. పొద్దున లేస్తూనే కడుపునొప్పి అని ఏడ్చేది. మాన్పించాను. ఆరేళ్లు నిండాక మళ్లీ బడికి వెళ్లింది, బాగానే చదువుకుంది. ఆ రెండేళ్లు మా ఇద్దరికీ మంచి రోజులే. కాబట్టి ఈ ఆలోచనను కొట్టిపారేయడానికి నేను రాలేదు. అయితే ఆ రెండేళ్లలో ఏడాది పాటు మా ఇంట్లో ఇంకొక ఆడపిల్ల కూడా ఉండేది. ఆమె సంగతి చెప్పకపోతే నేను చెప్పేది సగం నిజమే అవుతుంది.

మా ఇంట్లో గిన్నెలు తోమి, బట్టలుతికే ఆమె ఈ పాలమూరు నుంచే వలస వచ్చింది. భర్త భవన నిర్మాణంలో కూలి. ఆమె వెంట ఎనిమిదేళ్ల కూతురు వచ్చేది. తల్లి పనిలో ఉంటే ఆ పిల్ల చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని గడప దగ్గర నిలబడేది. నేను పాపకు చింతగింజలతో లెక్కలు చెబుతుంటే, పాప ఆలోచించేలోపే గడప దగ్గర నుంచి జవాబు వచ్చేది. లోపలికి వచ్చి కూర్చోమనేదాన్ని. కూర్చునేది. ఐదు నిమిషాలకు తమ్ముడు ఏడ్చేవాడు, లేచి వెళ్లేది. ఈ పిల్లను బడికెందుకు పంపడం లేదని తల్లిని ఒకసారి అడిగాను. గట్టిగా అడగలేదు. ఆ పిల్ల బడికి పోతే చంటివాణ్ణి ఎవరెత్తుకుంటారు? ఎత్తుకునేవాళ్లు లేకపోతే తల్లి మా ఇంటికి పనికెలా వస్తుంది? ఆమె రాకపోతే పాప పక్కన తీరిగ్గా కూర్చునే రెండు గంటలు నాకెక్కణ్ణుంచి వస్తాయి? సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసినదాన్ని, నాకీ లెక్క రాక కాదు. వేసుకోలేదు, అంతే. ఏడాది తిరిగేసరికి ఆ కుటుంబం వేరే పనిచోటికి వెళ్లిపోయింది. ఆ పిల్ల ఏమైందో నాకు తెలియదు.

నేను ఈ రోజు మీ ముందు పెట్టదలచుకున్న ప్రశ్న ఆ గడప దగ్గరిదే. చిన్నపిల్లలకు తొందరలేని చదువు కావాలి. ఆ తొందరలేనితనం ఎవరి శ్రమ మీద నిలబడుతుంది? అది కొందరి ఇళ్లలోని సౌకర్యమా, అందరు పిల్లల హక్కా?

తొందరలేని చదువులో ఉన్న నిజం

ముందు ఆ ఆలోచనలోని బలం చూద్దాం. ఆరేళ్లలోపు పిల్లలు కూర్చోబెట్టి చెబితే నేర్చుకోరు. చూసి, ముట్టుకుని, అడిగి, ఆడి నేర్చుకుంటారు. అక్షరం రాయాలంటే వేళ్లకు పట్టు రావాలి. ఆ పట్టు మట్టి పిసకడంతో, పూలు గుచ్చడంతో, చిక్కుడుకాయలు ఒలవడంతో వస్తుంది. చదవాలంటే ముందు మాటలు కావాలి. అవి కథలు వినడంతో, ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి పక్కన ఉండడంతో వస్తాయి. వామనగుంటలు ఆడే పిల్లకు పంచడం, కూడడం తెలుసు. అచ్చనగిల్లలు ఆడే పిల్లకు చేతికీ కంటికీ పొంతన కుదిరి ఉంటుంది. ఒక పిల్ల ఐదేళ్లకు చదివితే ఇంకొక పిల్ల ఏడేళ్లకు చదువుతుంది. ఇద్దరూ మామూలు పిల్లలే.

ఇది కొత్తగా పుట్టిన మాట కాదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టి, బెత్తం, భయం లేని చదువు సాధ్యమని చేసి చూపాడు. బడుల తనిఖీ అధికారిగా పనిచేసిన చలం ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల స్వేచ్ఛ గురించి రాశాడు. స్త్రీల స్వేచ్ఛ గురించి రాసిన మనిషే పిల్లల స్వేచ్ఛ గురించీ రాయడం యాదృచ్ఛికం కాదు. ఇంట్లో ఈ ఇద్దరి మీదా అధికారం చేసే వ్యవస్థ ఒకటే. అమెరికాలో జాన్ హోల్ట్ అనే ఉపాధ్యాయుడు బళ్లలో పిల్లలు ఎందుకు ఓడిపోతున్నారో 1964లో ఒక పుస్తకంలో రాశాడు. బళ్లు మారతాయన్న ఆశ వదులుకుని, ఇంట్లో చదువు చెప్పుకునే తల్లిదండ్రుల కోసం 1977లో ఒక పత్రిక మొదలుపెట్టాడు. ఇప్పుడు మన నగరాల్లో వినిపించే మాటల్లో చాలా భాగం అక్కణ్ణుంచి వచ్చినవే.

మన చిన్న ఊళ్లలో జరిగేదీ చూడండి. ఊరూరికీ పసుపుపచ్చ బస్సు వస్తుంది. మూడేళ్ల పిల్లకు టై కట్టి, సంచీ తగిలించి ఎక్కిస్తారు. సాయంత్రం హోంవర్కు వస్తుంది. ఇంగ్లీషు రాని తల్లి దాన్ని చేయించలేదు. చేయించలేదని బడిలో టీచరు తల్లిని అంటుంది, ఇంట్లో మొగుడు అంటాడు. తొందర చదువు పిల్లను ఏడిపించడంతో ఆగదు. తల్లికి చేతకాదని రోజూ నిరూపిస్తుంది. ఫీజులు కట్టలేక ఇద్దరిలో ఒకరినే పంపవలసి వస్తే బస్సెక్కేది కొడుకు. కాబట్టి తొందర చదువును ప్రశ్నించడం స్త్రీల ఉద్యమం పని కూడా.

ఇంటి బడిలో టీచరు ఎవరు?

ఇంట్లో చదువు చెప్పేది ఎవరు? పుస్తకాల్లో ‘తల్లిదండ్రులు’ అని రాస్తారు. ఇళ్లలో అది తల్లి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే స్త్రీలు జీతంలేని ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. దాదాపు ఐదు గంటలకూ గంటన్నరకూ ఉన్న తేడా ఇది. దీని పైన ఇంటి చదువును కూడా పెడితే ఆ బరువు ఎవరి మీద పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం మానుకునేది ఆమె. పిల్లకు చదువు రాకపోతే మాట పడేదీ ఆమే. ‘పిల్లల కోసం ఇష్టంగా మానుకుంది’ అని ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు. ఆ ఇష్టం మగవాడికి ఎందుకు కలగదో ఎవరూ అడగరు.

గట్టు మండలంలో ఒక ఊళ్లో తల్లులతో మాట్లాడుతూ ఈ ఇంటి చదువు సంగతి చెప్పాను. ఒక పెద్దామె నవ్వింది. “మేడం, పొద్దు పొడవకముందే చేనికి పోతం. పొద్దు గూకినంక వస్తం. ఇంట్ల మేమే ఉండం, ఇంగ బడి యాడ ఉంటది?” అంది. నేను చదివిన పుస్తకాల్లో లేని విమర్శ అది. ఇంటి చదువు కావాలంటే ముందు ఇంట్లో పగటి పూట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి కడుపు నిండాలి. ఆ మనిషికి తీరిక ఉండాలి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పని తావుకు పోయే కుటుంబానికి ఇల్లంటే ప్లాస్టిక్ పట్టా వేసిన గుడిసె. ఆనకట్టలు, కాలవలు, రోడ్లు కట్టడానికి పాలమూరు కూలీలు దేశమంతా తిరిగారు. వాళ్ల పిల్లలు ఇంటి పట్టున ఎన్నడు ఉన్నారు గనుక?

ఇంట్లో చదువుకున్న ఆడవాళ్లు ఏం చేశారు?

స్త్రీల చరిత్రలో ఇంటి చదువు కొత్తది కాదు. బడి తలుపు మూసి ఉన్నప్పుడు ఆడపిల్లకున్న దారి అదొక్కటే. భండారు అచ్చమాంబ 1874లో పుట్టింది. బడి చదువు లేదు, చిన్నతనంలో పెళ్లి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకుంది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది. పండిత రమాబాయికి చదువు చెప్పింది ఆమె తల్లి. ఆ తల్లికి చెప్పింది భర్త. సావిత్రిబాయికి మొదట అక్షరాలు నేర్పింది జోతిరావు ఫూలే.

ఇంట్లో చదువుకున్న ఈ స్త్రీలు తరవాత చేసిన పని ఏమిటి? సావిత్రిబాయి 1848లో పుణేలో ఆడపిల్లల బడిలో టీచరుగా నిలబడింది. రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదనం పెట్టింది. అచ్చమాంబ ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీల సమాజం పెట్టింది. అందరూ గడప దాటి నలుగురు కూడే చోట్లే కట్టారు. ఇంటి చదువు తాళంచెవి ఒక మంచి తమ్ముడి చేతిలోనో, ఒక మంచి భర్త చేతిలోనో ఉంటుందని వాళ్లకు అనుభవం మీద తెలుసు. మంచి తమ్ముడు లేని ఆడపిల్ల సంగతేమిటన్న ప్రశ్నకు జవాబుగానే వాళ్లు బళ్లు పెట్టారు.

ఈ నేలనే చూడండి. గద్వాల సంస్థానం పండితులను పోషించి ‘విద్వద్గద్వాల’ అని పేరు తెచ్చుకుంది. ఆ సంస్థానాన్ని చివర ఏలింది కూడా ఒక స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ. కోటలో చదువుకు కొదవలేదు. కోట బయట? 1991 జనాభా లెక్కల నాటికి మహబూబ్‌నగర్ జిల్లాలో ఐదుగురు స్త్రీలలో ఒక్కరికైనా అక్షరాలు రావు. 2011 నాటికి కూడా ఈ పాత జిల్లాలో స్త్రీల అక్షరాస్యత 45 శాతం దాటలేదు. 2016లో జిల్లాలు విడగొట్టాక ఆ 2011 లెక్కల ప్రకారమే చూస్తే, ఆడా మగా కలిపి సగంమందికే చదువు వచ్చిన జోగులాంబ గద్వాల రాష్ట్రంలో అట్టడుగున నిలిచింది. ఇళ్లలో దాచుకున్న విద్య ఊళ్లోకి రాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

వెసులుబాటు ఎవరికి?

పేదపిల్లలకు కూడా ‘వీలునుబట్టి చదువు’ ఇచ్చామని రాజ్యం ఒకప్పుడు చెప్పుకుంది. 1979–80లో అనియత విద్యా కార్యక్రమం మొదలైంది. చదువులో వెనకబడిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి కనుక మనకూ వచ్చింది. పగలు పనిచేసుకునే పిల్లలకు రాత్రి పూట రెండు గంటల కేంద్రం. వినడానికి బాగుంది. వేళలు సడలించారు, సిలబస్ తగ్గించారు. కాని ఆ వెసులుబాటు పిల్లకు కాదు, పిల్ల చేత పని చేయించుకునేవాడికి. పగలంతా కలుపు తీసిన పిల్ల రాత్రి లాంతరు దగ్గర నిద్రపోయేది. శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిచేస్తూ ఒక మాట తేల్చి చెప్పారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే, పగటి బడికి ప్రత్యామ్నాయం పగటి బడే. అప్పట్లో మనలో చాలామందికి అది మొండివాదన అనిపించింది. ఇప్పుడు వెనక్కి చూస్తే వాళ్లు చెప్పినదే నిజమైంది.

గద్వాల, అయిజ, మల్దకల్, ధరూర్, గట్టు ప్రాంతాల్లో సీడు పత్తి మీకు తెలిసినదే. సంకర విత్తనం యంత్రం మీద తయారు కాదు. సాయంత్రం పూట ఒక్కొక్క మొగ్గనూ విప్పి పుప్పొడి ఉండే కేసరాలు గిల్లెయ్యాలి. మరునాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఒక్కొక్క పువ్వుకూ పుప్పొడి అద్దాలి. మొక్క ఎత్తు తక్కువ, వేళ్లు సన్నగా ఉండాలి, కూలి తక్కువ ఉండాలి. ఈ మూడూ కలిసేది ఆడపిల్ల దగ్గర. క్రాసింగు రెండు మూడు నెలలు సాగుతుంది. జూన్‌లో బడి తెరిచి పేరు రాసుకున్న కొద్దిరోజులకే బెంచీ ఖాళీ అవుతుంది. తిరిగి వచ్చేసరికి పాఠాలు అందవు, అందక మానేస్తుంది. దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు 1990ల చివరి నుంచి దీన్ని నమోదు చేస్తూ వచ్చారు. ఉద్యమాల ఒత్తిడి వల్ల పెద్ద రైతుల చేలలో పిల్లలు తగ్గారు. కాని విత్తన సాగు చిన్న కమతాల్లోకి మారింది. కంపెనీకీ ఆర్గనైజరుకూ పిల్లలతో నేరుగా సంబంధం లేదు. పిల్ల సొంత చేలోనే ఉంది, సొంత తల్లిదండ్రుల దగ్గరే ఉంది.

ఇక్కడే 2016లో బాలకార్మిక చట్టానికి చేసిన సవరణ చూడాలి. పద్నాలుగేళ్లలోపు పిల్లల చేత ఏ పనీ చేయించకూడదంది. బాగుంది. వెంటనే ఒక మినహాయింపు పెట్టింది. బడి వేళల తరవాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని పనుల్లో కుటుంబానికీ కుటుంబ వ్యాపారానికీ పిల్లలు సాయం చేయవచ్చు. ‘కుటుంబం’ అనే మాట పడగానే చట్టం తలుపు దగ్గర ఆగిపోతుంది. గృహహింస విషయంలో ఇది మనకు అనుభవమే. ఆడపిల్లకు ఇల్లు పని లేని చోటు ఎప్పుడూ కాదు. గద్వాల మగ్గం ఉన్న ఇంట్లో పిల్ల కండెలు చుడుతుంది. మగ్గం లేని ఇంట్లో తమ్ముణ్ణి ఎత్తుకుంటుంది. ‘ఇంట్లోనే ఉంది, ఇంట్లోనే నేర్చుకుంటోంది’ అనే మాట నగరంలో ఒక అర్థంతో, గట్టులో ఒక అర్థంతో వాడబడుతుంది. నగరంలో ఆ మాట గౌరవం తెచ్చుకున్న కొద్దీ, ఇక్కడ ఆడపిల్లను బడి మాన్పించేవాడికి అది సాకుగా దొరుకుతుంది. నా భయం అది.

కరోనా కాలంలో ఇంకోసారి చూశాం. 2020 మార్చిలో బళ్లు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానళ్లలో పాఠాలు వచ్చాయి. చిన్న తరగతుల పిల్లలు ఏడాదిన్నర పాటు ఇంట్లోనే ఉండిపోయారు. ఒక రకంగా దేశమంతా ఇంటి చదువే. ఉన్న ఒక్క ఫోను ఎవరి చేతికి పోయిందో, ఎవరు చేనికి పోయారో మీరంతా కళ్లారా చూశారు. బాల్య వివాహాలు ఆపడానికి మీలో ఎంతమంది రాత్రిపూట పరుగెత్తారో నేను మీకు చెప్పక్కర్లేదు.

తొందరలేని చదువును నలుగురి చోటికి తేవాలి

అయితే తొందర చదువును ఒప్పుకుందామా? ఒప్పుకోనక్కర్లేదు. పిల్ల వేగానికి చదువును తగ్గించిన అనుభవం మనకు ఈ గడ్డమీదే ఉంది. మహిళా సమతా కార్యక్రమం 1993లో మన రాష్ట్రానికి వచ్చినప్పుడు మొదట అడుగుపెట్టిన జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. సంఘం స్త్రీలు తమ కూతుళ్ల కోసం పట్టుబట్టగా మహిళా శిక్షణ కేంద్రాలు వచ్చాయి. బడి మొహం చూడని పిల్ల, మూడో తరగతిలో మానేసిన పిల్ల, జోగిని కాబోయి తప్పించుకున్న పిల్ల – అందరూ ఒక చోట ఉండి చదువుకున్నారు. వాళ్ల ఊరి సంగతులతోనే పాఠం మొదలయ్యేది. ఎవరి వేగం వాళ్లది. ఎనిమిదేళ్ల వెనకబాటును ఏడాదిలో దాటిన పిల్లలున్నారు. ఇంటి చదువు గురించి చెప్పే మంచి గుణాలన్నీ అక్కడ ఉన్నాయి. ఇల్లు మాత్రం లేదు. ఇంటి చాకిరీ నుంచి ఆ పిల్లను బయటికి తెచ్చారు గనుకే ఆ తీరిక వచ్చింది. 2016లో కేంద్రం ఆ కార్యక్రమానికి నిధులు ఆపేసింది. మనం దాన్ని నిలుపుకోలేకపోయాం. ఇది కూడా మాట్లాడుకోవాలి.

చట్టంలో కొంత చోటు ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టంలో ఇంటి చదువు అన్న మాటే లేదు. ఆరేళ్లు నిండిన పిల్లను బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ చెబుతుంది. నాలుగో సెక్షన్ ప్రకారం బడి బయట ఉన్న పిల్లను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, మిగతావాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కేంద్రం తయారుచేసిన నమూనా నిబంధనల ప్రకారం ఈ శిక్షణ మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ఉండవచ్చు. సీడు పత్తి నుంచి తిరిగి వచ్చిన పిల్లకు, వలస నుంచి వచ్చిన పిల్లకు కావలసిన తొందరలేని చదువు ఇదే. కాగితం మీద ఉంది. మండల విద్యాధికారి దగ్గర ఎంతమంది అడిగారు?

ఆరేళ్లలోపు పిల్లల సంగతి ఇంకా అన్యాయం. 2002లో చేసిన 86వ రాజ్యాంగ సవరణ ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకే చదువును ప్రాథమిక హక్కు చేసింది. అంతకన్నా చిన్నవాళ్లను 45వ అధికరణంలో, ‘రాజ్యం ప్రయత్నించాలి’ అన్న మాట కింద వదిలేసింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడో ఏటి నుంచి పునాది దశ అన్నది గాని దాన్ని హక్కు చేయలేదు. ఆ పిల్లలకు మిగిలింది 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే అంగన్‌వాడీ.

అంగన్‌వాడీ అన్న పేరు ఎక్కడిదో ఒక్క నిమిషం చెబుతాను. గిజుభాయితో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామానికి వెళ్లింది. అనుతాయి వాఘ్ ఆమెతో చేరింది. పిల్లలు బడికి రాకపోతే వాళ్లే పిల్లల వాకిళ్లకు వెళ్లి, అక్కడ దొరికే ఆకులతో, గింజలతో చదువు చెప్పారు. మరాఠీలో అంగణ్ అంటే వాకిలి. తరవాత కోస్‌బాడ్‌లో ఆదివాసుల మధ్య పనిచేస్తూ, పెద్దపిల్లలు బడికి రాకపోవడానికి చంకలోని చంటిపిల్లలే కారణమని గుర్తించారు. చంటిపిల్లల కేంద్రం, బాలవాడి, ప్రాథమిక బడి మూడూ ఒకే చోట పెట్టి దానికి వికాసవాడి అని పేరు పెట్టారు. అక్క ఒక గదిలో చదువుకుంటుంటే తమ్ముడు పక్క గదిలో ఉంటాడు. మా గడప దగ్గర నిలబడిన పిల్ల ప్రశ్నకు ఇద్దరు స్త్రీలు నేను పుట్టకముందే జవాబు కనిపెట్టి ఉంచారు. మనం ఆ పేరు తీసుకున్నాం, పద్ధతి వదిలేశాం.

ఇప్పుడు అంగన్‌వాడీ టీచరుకు మనం ఏం ఇస్తున్నాం? బాలింతలకు భోజనం, బరువులు, రిజిస్టర్లు, సర్వేలు, యాప్‌లు. వీటన్నిటి మధ్య తొందరలేని చదువు చెప్పమంటున్నాం. జీతం అడిగితే గౌరవ వేతనం అంటున్నాం. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పవలసి వచ్చింది. తల్లి చేసే చదువు పనికి జీతం లేదు, అదే పని ఊరి కోసం చేసే స్త్రీకి అర జీతం. పిల్లల్ని పెంచడం ఆడదాని స్వభావం, శ్రమ కాదు అన్న ఒకే భావన ఈ రెంటికీ మూలం.

నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మిత్రుల కోసం ఒక మాట. అమ్రాబాద్ అడవుల్లో చెంచు పెంటల సంగతి వేరు. అక్కడ ఆరేడేళ్ల పిల్లను ఆశ్రమ పాఠశాల పేరుతో తల్లికి దూరంగా తీసుకుపోతారు. ఆ పిల్ల అడవిలో చెట్టును పేరుతో పిలవగలదు, గడ్డలు ఎక్కడ తవ్వాలో, తేనె ఎప్పుడు దొరుకుతుందో పెద్దల వెంట తిరిగి నేర్చుకుంటోంది. బడిలో ఆ జ్ఞానానికి సున్నా మార్కులు. పిల్లలు పారిపోయి వస్తే ‘చెంచులకు చదువంటే ఇష్టం లేదు’ అంటారు. అక్కడ చిన్నపిల్లల చదువు పెంటలోనే, తల్లి కంటికి కనిపించే దూరంలో ఉండాలి. ఇంటి దగ్గర చదువు అనే మాటను నేను మనస్ఫూర్తిగా సమర్థించేది అక్కడ. దాన్ని తల్లి మీద వదిలేయకుండా, పెంటకు టీచరును పంపడం ప్రభుత్వ బాధ్యత చేయాలి.

చివరగా మనం చేయవలసిన పనులు కొన్ని మీ ముందు పెడతాను. సర్వేలో ‘పిల్ల ఇంట్లో ఉంది’ అని రాసి ముగించవద్దు. పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ పిల్ల ఏం చేస్తుందో గంట గంటకూ అడిగి రాద్దాం. అంగన్‌వాడీ ప్రాథమిక బడి ఆవరణలోనే ఉండాలని, చంటిపిల్లల కేంద్రం దానికి కలిసి ఉండాలని, సీడు పత్తి రోజుల్లో తల్లులు చేను నుంచి వచ్చేదాకా తెరిచి ఉంచాలని, ఆ అదనపు గంటలకు ఇంకొక మనిషిని పెట్టి పూర్తి కూలి ఇవ్వాలని గ్రామసభల్లో తీర్మానాలు చేయిద్దాం. ఆరేళ్లలోపు పిల్ల చేత పరీక్షలు రాయించడం, హోంవర్కు చేయించడం తప్పని తల్లుల సమావేశాల్లోనే కాక తండ్రుల సమావేశాల్లో కూడా చెబుదాం. కథ చెప్పడం, స్నానం చేయించడం, చంటిపిల్లను ఎత్తుకోవడం తండ్రులకు కూడా వచ్చే పనులే. నాలుగో సెక్షన్ కింద ప్రత్యేక శిక్షణ కోసం పేర్లతో సహా జాబితాలు ఇచ్చి రసీదు తీసుకుందాం.

ఇంట్లో చదువు చెప్పుకునే నగరపు తల్లులతో మనకు తగవు లేదు. వాళ్లూ ఒక చెడ్డ వ్యవస్థతో విసిగినవాళ్లే. నేనూ వాళ్లలో ఒకదాన్ని. వాళ్లతో మనం చెప్పవలసింది ఒకటే. మీ పాపకు మీరిచ్చిన తీరిక మంచిది. దాన్ని మీ గడప దగ్గర ఆపకండి. మీ బలం, మీ ఇంగ్లీషు, మీ పలుకుబడి ఊరి బడి కోసం, అంగన్‌వాడీ కోసం కూడా పెట్టండి.

నేను చెప్పిన ఆ పిల్లకు ఇప్పుడు పద్దెనిమిదేళ్లు ఉంటాయి. ఈ మూడు జిల్లాల్లో ఏదో ఒక ఊళ్లో ఉండి ఉంటుంది. బహుశా తన బిడ్డనే చంకనేసుకుని ఉంటుంది. లెక్కలు చాలా తొందరగా వచ్చేవి ఆమెకు. మీ సంఘంలో అలాంటి అమ్మాయి కనిపిస్తే, బిడ్డను మీరు కాసేపు ఎత్తుకుని, ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. నేను చేయవలసి ఉండి చేయని పని అది.